మంచం కింద నుంచి బయటికి రాని కుక్క: ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి ఇస్తున్నాను. ఆవిడ్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఇంట్లో భర్త, ఎనిమిదేళ్ళ కూతురు, అత్తమ్మ. అద్దె ఇల్లు, కింది పోర్షన్. పాప రెండేళ్ళుగా కుక్క కావాలని అడుగుతోంది. ఆగస్టులో, రోడ్డున పడ్డ కుక్కల్ని చేరదీసే ఒకమ్మాయి ఫోన్‌కి ఫొటో పంపింది. తెల్లటి చిన్న పమేరియన్, ఆడది, నాలుగైదేళ్ళు ఉంటాయి, ఆరు కేజీలు కూడా లేదు. పిల్లలు పెట్టించి అమ్ముకునే ఒకరింట్లో మిద్దె మీద ఇనుప బోనులో ఉండేదట, ఇక పిల్లలు పెట్టడం తగ్గాక చెన్నై రోడ్డు పక్కన వదిలేసి పోయారట. "ఆ కళ్ళు చూశాక రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడే వెళ్ళి తెచ్చేసుకున్నా" అని రాశారు. పేరు మల్లి అని పెట్టుకున్నారు.

ఐదు వారాలైంది. మల్లి మంచం కిందే ఉంటుంది. అందరూ పడుకున్నాక ఎప్పుడో వచ్చి తింటుంది. ఆయన గొంతు కాస్త పెరిగితే ఉన్నచోటే మూత్రం పోసేస్తుంది. వినాయక నిమజ్జనం డప్పులకి రాత్రంతా వణికింది. పోయిన ఆదివారం పాప మంచం కిందికి దూరి దాన్ని బయటికి లాగబోతే చెయ్యి కరిచింది, చిన్న గాటు, రక్తం చుక్క వచ్చింది, పసుపు అద్దారు. అప్పట్నుంచి ఆయన "ఇచ్చేసేయ్, లేదంటే నేనే ఎక్కడన్నా వదిలేసి వస్తా" అంటున్నారు. అత్తమ్మకి మొదట్నుంచీ ఇష్టం లేదు, పూజ, మడి ఉన్న ఇంట్లో కుక్కేంటని. ఫొటో పంపిన అమ్మాయి వెనక్కి తీసుకుంటానంటోంది, కానీ ఆమె దగ్గర ఇప్పటికే పద్నాలుగు ఉన్నాయి. దీపావళి దగ్గరికొస్తోంది. చివర్లో ఇలా అడిగారు: "రోజుకి ఇరవై సార్లు మంచం కింద తల పెట్టి ప్రేమగా పిలుస్తాను. నన్ను చూస్తేనే గోడకి అతుక్కుపోతుంది. దీన్ని తెచ్చి తప్పు చేశానా? వెనక్కి ఇస్తే పాపం తగులుతుందా?"

ముందు పాప చేతి సంగతి. మీ ఉత్తరం చదివిన రోజే ఈ ముక్క మీకు మెయిల్‌లో రాశాను, చదివేవాళ్ళందరికీ అవసరం కాబట్టి ఇక్కడా రాస్తున్నా. కుక్క పన్ను దిగి రక్తం వచ్చిందంటే, అది చుక్కే అయినా సరే, మన ఇంటి కుక్కే అయినా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. పసుపు, సున్నం, కాఫీపొడి, కారం ఏవీ పెట్టకూడదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కుక్కకాటు ఇంజెక్షన్ ఉచితం, మీకు రుయా ఆస్పత్రి దగ్గరే. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వెయ్యాల్సి రావచ్చు, అది డాక్టర్ చూసి చెప్తారు. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉందా లేదా అనేది కూడా వాళ్ళకి చెప్పాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం, కాబట్టి ఇందులో చూద్దాంలే అనేది ఉండకూడదు. మల్లికి ఒక టీకా వేశారని ఆ అమ్మాయి చెప్పిందని రాశారు. నోటిమాట చాలదు. ఏ టీకా, ఏ తేదీ, ఎవరు వేశారు అని రాసున్న కార్డు తెప్పించుకోండి. కార్డు లేకపోతే వెయ్యలేదనే అనుకుని మళ్ళీ వేయించాలి.

ఇప్పుడు మీ ప్రశ్న. నిజానికి మీ ఉత్తరంలో రెండు వేరు వేరు బాధలు కలిసిపోయి ఉన్నాయి. మల్లి భయం ఒకటి. మల్లి మిమ్మల్ని దగ్గరికి రానివ్వడం లేదన్న మీ బాధ రెండోది. ఈ రెండోదానికే మీరు ఎక్కువ నలిగిపోతున్నారనిపించింది నాకు, అందుకే అక్కడ్నుంచే మొదలుపెడతా.

బోనులో ఉన్న కుక్క వైపు మనిషి చెయ్యి ఎప్పుడొస్తుందో ఒకసారి ఆలోచించండి. మగకుక్క దగ్గరికి తీసుకెళ్ళడానికి, పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తుకుపోవడానికి, చివరికి కారెక్కించి రోడ్డు పక్కన దింపడానికి. మల్లి విషయంలో అన్నీ ఇలాగే జరిగాయని నేను చెప్పలేను, మీకూ తెలీదు, కానీ అలాంటి బతుకు బతికిన కుక్కకి పైనుంచి వచ్చే చెయ్యి అంటే ఏదో ఒకటి పోగొట్టుకోవడమే. మీ చెయ్యి వేరని దానికి ఎవరు చెప్తారు? మీరు రోజుకి ఇరవై సార్లు తల వంచి, కళ్ళల్లోకి చూస్తూ, చెయ్యి చాపి పిలుస్తున్నారు. మీ లెక్కలో అది ఇరవై సార్లు ప్రేమ, దాని లెక్కలో ఇరవై సార్లు ఎవరో దాక్కున్న చోటు కనిపెట్టి చెయ్యి పెట్టారు. ఒక భయం దిగేలోపే ఇంకోటి వచ్చి మీద పడుతుంటే ఆ ఒంట్లో కంగారు తగ్గేదెప్పుడు?

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఉండే వయసు చాలా ముఖ్యం. మనుషులు, పిల్లలు, చీపుర్లు, కుక్కర్ విజిల్, స్కూటర్ చప్పుడు, ఇవన్నీ మామూలే అని ఆ రోజుల్లోనే నేర్చుకుంటుంది. ఆ వయసు బోనులోనే గడిచిపోతే తర్వాత నేర్పొచ్చు, కానీ నెమ్మదిగా నేర్పాలి, కొన్ని ఎప్పటికీ పూర్తిగా రాకపోవచ్చు. అంటే మల్లి చీపురు చూసి వణికితే ఎవరో చీపురుతో కొట్టారనే అనుకోనక్కర్లేదు, అసలెప్పుడూ చీపురే చూసి ఉండకపోవచ్చు. దానికి పాత కథలు అల్లి కన్నీళ్ళు పెట్టుకునే కన్నా ఈ రోజు ఏ శబ్దానికి, ఏ కదలికకి, ఎంత దూరంలో బెదిరిందో చూసుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

కుక్కల్ని చేరదీసేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక మాట చెప్తుంటారు: మూడు రోజులకి కాస్త తేరుకుంటుంది, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది అని. కొండగుర్తు మాత్రమే ఇది, మల్లి లాంటిదానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మా ఇంట్లో ఉన్న ముసలి కుక్క వచ్చిన కొత్తలో ఏడు నెలల పాటు నా ముందు వెల్లకిలా పడుకోలేదు. కాబట్టి ఐదు వారాలకి రాలేదని మీరు ఓడిపోయినట్టు కాదు.

మరి ఏం చెయ్యాలి? చాలావరకు చెయ్యడం మానెయ్యాలి. పిలవడం ఆపండి. మంచం కింద తల పెట్టడం ఆపండి. ఆ మంచం కింద జాగా ఇక దానిదే అని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. ఒక అట్టపెట్టె పక్కకి కోసి పాత కాటన్ చీర మెత్తగా మడిచి పరచండి, పక్కనే నీళ్ళ గిన్నె. మంచం చుట్టూ మూరెడు దూరంలో ముగ్గుపిండితో గీత గీయించండి, పాపతోనే గీయించండి. ఆ గీత లోపలికి ఎవరి చెయ్యీ పోకూడదు, బంతి లోపలికి దొర్లినా సరే, చీపురుకట్ట పెట్టి తియ్యకుండా, మల్లి బయటికొచ్చినప్పుడు మీరే తీసుకోవాలి. పాపకి ఒక పని ఇవ్వండి: రోజూ సాయంత్రం గీతకి ఇవతల కూర్చుని, మల్లి వైపు చూడకుండా, తన తెలుగు వాచకం మెల్లగా పైకి చదవాలి, పది నిమిషాలు చాలు. పాప పశ్చాత్తాపపడుతోందని రాశారు, కరిచాక కూడా "మల్లిని పంపొద్దమ్మా" అంటోందని. ఆ పిల్లకి ఏదైనా చెయ్యాలనుంటుంది, చెయ్యి పెట్టకుండా చేసే పని ఇది.

భోజనం రోజూ ఒకే వేళకి పెట్టండి. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ ఏదీ లేకుండా కోడి మాంసం ఉడికించి గోరంత ముక్కలు చేసి డబ్బాలో పెట్టుకోండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషం లాంటివి, మన ఇళ్ళల్లో సాంబారన్నం కలిపి పెట్టేస్తుంటాం కాబట్టి చెప్తున్నా. ఆ ముక్కల డబ్బా మీ ఆయన చేతికివ్వండి. మీకు కాదు, ఆయనకే. ఇంటికొచ్చాక చెప్పులు బయట చప్పుడు కాకుండా విడిచి, మంచం పక్కనుంచి నడుస్తూ, ఆగకుండా, చూడకుండా, ఒక ముక్క జారవిడిచి వెళ్ళిపోవాలి. రోజుకి ఐదారుసార్లు. ఆయన అడుగుల చప్పుడు వస్తే కోడిముక్క వస్తుంది అని మల్లి బుర్రలో ముడిపడాలి. ముక్క తినడానికి బయటికొస్తే పట్టుకోవడం, నిమరడం మాత్రం అస్సలు వద్దు, ఒక్కసారి ఆ మోసం జరిగిందంటే వారాల పని వెనక్కిపోతుంది. దాని అంతట అది వచ్చి మీ చేతిని వాసన చూసినప్పుడు, చెయ్యి కింద నుంచి గడ్డం దగ్గర తాకండి, మూడు సెకన్లు తాకి ఆపండి. ఇంకా కావాలనుకుంటే అదే ముందుకొస్తుంది.

మూత్రం గురించి ఆయనకి మీరు చెప్పాల్సిన మాట ఒకటుంది. అది పొగరుతోనో, అలవాటు లేకో పోసేది కాదు, భయానికి ఒళ్ళు పట్టు తప్పి పోతుంది. తిడితే ఇంకా పోస్తుంది. ఏమీ మాట్లాడకుండా తుడిచేసి వెనిగర్ కలిపిన నీళ్ళతో కడగండి. ఫినాయిల్ వద్దు, నేల మీద ఉన్నది కాళ్ళకంటి నాకితే దానికి ప్రమాదం.

అది గుర్రుమంటే కూడా తిట్టకండి. గుర్రుమనడం అంటే "దయచేసి దూరంగా ఉండండి" అని మర్యాదగా చెప్పడం. దాన్ని కొట్టి మాన్పిస్తే చెప్పకుండా కరిచే కుక్క తయారవుతుంది. అసలు గుర్రుమనక ముందే బోలెడు చెప్తుంది: మొహం పక్కకి తిప్పుకోవడం, ఆకలి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, కంటి తెలుపు కనబడేలా ఓరగా చూడడం, తోక పొట్ట కిందికి ముడుచుకోవడం. ఆ ఆదివారం కూడా ఇవన్నీ చేసే ఉంటుంది, మంచం కింద చీకట్లో పాపకి కనబడి ఉండవు. ఈ గుర్తులు పాపకి నేర్పండి. పాప, మల్లి ఇద్దరే ఒక గదిలో ఉండడం మాత్రం ఇప్పట్లో వద్దు, పాప ఎంత బుద్ధిమంతురాలైనా సరే.

ఈ వారంలోనే పశువైద్యుడికి చూపించాలి. ఇది వాయిదా వెయ్యొద్దు, ఎందుకంటే నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే దాక్కుంటుంది, ఇలాగే కరుస్తుంది. మీరు తిరుపతిలో ఉండడం అదృష్టం, 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉన్న ఊరు అది, దాని ఆస్పత్రి ఉంది, ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. పళ్ళు చూడమనండి, చిన్న జాతి కుక్కలకి చిగుళ్ళు త్వరగా పాడవుతాయి. మోకాలి చిప్ప జారుతోందేమో చూడమనండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలకి రక్తపరీక్ష, మూత్రపరీక్ష అడగండి. ముఖ్యంగా గర్భసంచి. ఆపరేషన్ కాని ఆడకుక్కకి గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఒళ్ళు తట్టుకుంటుందని డాక్టర్ చెప్తే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. మీరు ఉంచుకున్నా, ఇంకొకరికిచ్చినా ఇది జరిగే తీరాలి. మల్లి మళ్ళీ ఎవరి బోనులోకీ వెళ్ళకుండా ఉండడానికి ఇంతకన్నా గట్టి హామీ లేదు. ఇంట్లో ఉన్న బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్ర మాత్రం విరిచి వెయ్యకండి, కుక్కలకి అది విషమే.

తీసుకెళ్ళేటప్పుడు జాగ్రత్త. మెడపట్టీ ఒక్కటే అయితే బెదిరి వెనక్కి లాక్కుంటే తల జారిపోతుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి, మీ ఫోన్ నంబర్ రాసిన బిళ్ళ తగిలించండి, బుట్టలో పెట్టి మూత వేసి తీసుకెళ్ళండి. వీధికుక్కల గుంపులున్న సందుల్లో ఆరు కేజీల కుక్క చేతి నుంచి తప్పించుకుంటే దొరకడం కష్టం. ఇంటి గేటుకి కూడా గొళ్ళెం అలవాటు చేసుకోండి.

దీపావళికి ఇంకా కొన్ని వారాలే టైముంది. ఫోన్‌లో టపాసుల శబ్దం అతి మెల్లగా పెట్టి, కోడిముక్కలు వేస్తూ, వారాల తరబడి కొంచెం కొంచెం పెంచుకుంటూ అలవాటు చేసే పద్ధతి ఉంది గానీ ఈ ఏడాదికి అది సరిపోదు. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడే పండగ రాత్రికి భయం తగ్గించే మందు అడిగి పెట్టుకోండి, ముందే ఇవ్వాల్సి ఉంటుంది, వణుకు మొదలయ్యాక ఇస్తే అంతగా పనిచెయ్యదు. వెలుతురుండగానే బయటి పని కానిచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, దుప్పటి అడ్డం కట్టి, ఫ్యాన్, టీవీ పెట్టండి. భయపడే కుక్కని ఓదారిస్తే భయం ఎక్కువవుతుందని కొందరంటారు, నమ్మకండి. అది మీ దగ్గరికొస్తే పక్కన కూర్చోండి. రాకపోతే దాని మంచం కింద దాన్ని ఉండనివ్వండి.

ఇక ఇంట్లో మనుషులు. ఇక్కడ మీ తప్పు ఒకటుంది, మెత్తగా చెప్పలేను. ఫొటో చూసిన మర్నాడే తెచ్చేశారు. మీ ఆయన "సరేలే" అన్నారని రాశారు, అత్తమ్మని అసలు అడిగినట్టే లేదు. ఆవిడ వేకువనే లేచి స్నానం చేసి పూజ చేసుకునే మనిషి, ఆ ఇల్లు ఆవిడది కూడా. కుక్క కాలభైరవుడి వాహనం కదా, ధర్మరాజు వెంట నడిచింది కుక్కే కదా అని చాలామంది మీకు చెప్తారు, ఆ వాదనతో ఆవిడ నోరు మూయించకండి. అడక్కుండా తెచ్చినందుకు ముందు క్షమాపణ చెప్పండి. పూజగది, వంటిల్లు వైపు అడ్డు తలుపు పెట్టిస్తానని, ఆ వైపు తుడిచే పని, మల్లి పని ఒక్కటి కూడా ఆవిడ మీద పడదని మాటిచ్చి నిలబెట్టుకోండి. ఆవిడ ఇష్టపడాల్సిన పని లేదు, భరించగలరా అన్నదే అడగండి. మీ ఆయన కోపం కూడా నాకు సగం భయంలాగే కనిపించింది, కూతురి చేతి మీద రక్తం చూసిన తండ్రి ఆయన.

అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. మీ ముందు నాకు కనిపించే దార్లు ఇవి. మూడు నెలలు గడువు పెట్టుకుని పైన చెప్పినట్టు ఉంచుకోవడం మొదటిది. దీనికి డబ్బు, ఓపిక, ఇంట్లో అందరి క్రమశిక్షణ కావాలి. ఒక్కరు గీత దాటుతూ ఉంటే మళ్ళీ కరుస్తుంది, అప్పుడు ఇంట్లో ఎవరూ మీ మాట వినరు. ఈ దారి పట్టే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మల్లి ఎప్పటికీ ఒళ్ళో కూర్చోదు, పాపతో బంతి ఆడదు, అదే గదిలో ఓ మూల ప్రశాంతంగా నిద్రపోతుంది, అంతే అనుకోండి. అలాంటి మల్లి మీకు కావాలా? కావాలి అని మనసు చెప్తే ఉంచుకోండి. పాప కోసం ఆడుకునే కుక్క కావాలనుకుంటే అదేం నేరం కాదు, కానీ ఆ కుక్క మల్లి కాదు.

రెండోది, మీ ఇంట్లోనే ఉంచుతూ దానికి తగ్గ ఇల్లు వెతకడం. పిల్లలు లేని, చప్పుడు లేని ఇల్లు, రిటైరైన దంపతులో, ఒంటరిగా ఉండే ఓపికున్న మనిషో. నాకైతే మీ పరిస్థితికి ఇది బాగా సరిపోతుందనిపిస్తోంది, ఎందుకంటే పద్నాలుగు కుక్కల అరుపుల మధ్యకి మల్లిని పంపక్కర్లేదు, మీ ఆయనకీ ఒక చివర కనబడుతుంది. కష్టమేంటంటే అలాంటివాళ్ళు దొరకడానికి నెలలు పట్టొచ్చు, ఈలోపు మీరు దానికి ఇంకా అలవాటు పడిపోతారు. కరిచిన సంగతి, మూత్రం సంగతి ఒక్కటి దాచకుండా చెప్పాలి. దాచిపెట్టి ఇస్తే నెల తిరక్కుండా ఇంకో గుమ్మం మారుతుంది అది.

మూడోది, ఆ అమ్మాయికే వెనక్కి ఇవ్వడం. పాపమా అని అడిగారు. కాదు. చెప్పి, టీకాలు, ఆపరేషన్ చేయించి, కొన్ని నెలలు తిండి ఖర్చు పంపుతూ ఇస్తే అది బాధ్యతగా ఇవ్వడమే. మల్లికి మళ్ళీ చోటు మారిన దెబ్బ తగులుతుంది, అది నిజం, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలి. కానీ రోజూ అరుపులు, తగాదాల మధ్య ఉండడం కన్నా అది మేలు కావచ్చు. ఇవ్వాలనుకుంటే దీపావళికి వారం ముందు మాత్రం ఇవ్వకండి, పండగ దాటాకే ఇవ్వండి.

మీ ఆయన అన్న నాలుగో మాట, ఎక్కడన్నా వదిలేసి రావడం, అది దారే కాదు. గుడి దగ్గర వదిలితే ఎవరో ఒకరు అన్నం పెడతారులే అనుకుంటారు చాలామంది. బోనులో పెరిగిన ఆరు కేజీల కుక్క వీధిలో తిండి వెతుక్కోలేదు, రోడ్డు దాటలేదు, అక్కడి కుక్కలు దాన్ని నిలవనివ్వవు. తిండీ నీళ్ళూ లేక బాధపడేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. ఒకసారి రోడ్డు పక్కన దింపబడిన కుక్క అది. ఈ మాట మీ ఆయనకి కోపంగా కాకుండా, పాప లేనప్పుడు, నిదానంగా చెప్పండి.

పాపతో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. రోజూ తేదీ వేసి ఒక్క లైను: మల్లి ఈ రోజు గీత దాకా వచ్చిందా, మనుషులు మెలకువగా ఉండగా తిన్నదా, నాన్న అడుగులకి తోక ఎలా ఉంది. ఆరు వారాలయ్యాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని, మీరు, మీ ఆయన, అత్తమ్మ కలిసి నిర్ణయం తీసుకోండి. ఆ పుస్తకంలో ఏముందో నాకూ రాయండి.